మనిషిని చలిలో దాచే విద్య మనవాళ్లకు ఎందుకు పట్టలేదు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరింగు గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. "ఏ విషయమైనా ఫరవాలేదా?" అని అడిగాను. "మీ ఇష్టమండి" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయన మరికాసేపట్లో బాధపడొచ్చు. నేను మాట్లాడబోయేది చనిపోయిన మనిషిని అతిశీతలంలో దాచే పద్ధతి గురించి. దాన్ని క్రయోనిక్స్ అంటారు. శుభమా అని స్వర్ణోత్సవం చేసుకుంటుంటే ఈ చావు కబుర్లేమిటని ఎవరికైనా అనిపిస్తే మన్నించాలి. మా బ్యాచ్ వాళ్లకే యాభై దాటాయి. వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలకీ శ్రద్ధాంజలికీ మధ్య పెద్ద ఎడం ఉండటం లేదు. మాట్లాడుకోదగిన వయసుకే వచ్చాం.

నాకు ఈ విషయంతో రెండు రకాల సంబంధం ఉంది. ఒకటి వృత్తి. ముప్పై ఏళ్లుగా భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్లాంట్లకు, కోల్డ్ స్టోరేజీలకు యంత్రాలు బిగిస్తూ, చల్లదనం అమ్ముకుని బతుకుతున్నాను. రెండోది ఇంటి విషయం. అది తరవాత చెబుతాను.

ముందు చరిత్ర నాలుగు ముక్కల్లో. అమెరికాలో రాబర్ట్ ఎటింగర్ అనే భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు 1960ల మొదట్లో ఒక పుస్తకం రాశాడు. ఈనాటి వైద్యానికి లొంగని జబ్బుతో పోయిన మనిషిని గడ్డకట్టించి ఉంచితే, ముందు తరాల వైద్యులు బాగుచేసి లేపవచ్చు కదా అన్నది అతని వాదన. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుణ్ణి అలా మొదటిసారి గడ్డకట్టించారు. ఆయన శరీరం ఈనాటికీ ద్రవ నత్రజనిలో ఉంది. ఆల్కార్ అనే సంస్థ 1972లో, క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ 1976లో పుట్టాయి. ఆ తరవాత రష్యాలో, జర్మనీలో కూడా మొదలైంది. ఇన్నేళ్లలో ప్రపంచమంతా కలిపి ఇలా భద్రపరిచిన మనుషులు కొన్ని వందలే. మన తణుకులో ఒక ముహూర్తం రోజున జరిగే పెళ్లిళ్లకు వచ్చే జనమంత కూడా లేరు. చావంటే భయం లేని మనిషి లేడు. మరి చావు నుంచి తప్పిస్తామన్న బేరానికి జనం ఎందుకు రాలేదు?

మొదటి జవాబు తేలిక. అది పనిచేస్తుందని ఎవరూ చూపించలేదు. ఒక్క మనిషిని కాదు, ఒక్క కుక్కను కూడా అలా పూర్తిగా గడ్డకట్టించి తిరిగి లేపిన దాఖలా లేదు. ఎందుకు కష్టమో రొయ్య చెబుతుంది. ప్లాంటులో రొయ్యను మైనస్ 40 డిగ్రీల దగ్గర గబగబా గడ్డకట్టిస్తాం. ఎందుకంత తొందర? నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవవుతాయి. కణాల బయట పలుకు పెరిగేకొద్దీ లోపలి నీరు బయటికి లాగేస్తుంది, పొరలు చితికిపోతాయి. అలాంటి రొయ్యను కరిగిస్తే నీళ్లు కారి, మెత్తబడి, బరువు తగ్గుతుంది. కొనేవాడు వెనక్కి పంపేస్తాడు. అంత చిన్న రొయ్యకే ఈ బాధ ఉంటే, మనిషి మెదడు సంగతి ఊహించుకోండి.

దీనికి శాస్త్రవేత్తలు ఒక ఉపాయం కనిపెట్టారు. అది మనకు తెలిసిన మిఠాయి కొట్టు ఉపాయమే. పటికబెల్లం, నిమ్మతొనలు రెండూ పంచదారే. పటికబెల్లంలో పలుకులు కట్టాయి. నిమ్మతొనలో పాకం పలుకు కట్టకుండానే గాజులా బిగుసుకుపోయింది. అలాగే శరీరంలోని నీటి స్థానంలో కొన్ని రసాయనాలు ఎక్కించి చల్లబరిస్తే, మంచు పలుకు అన్నదే లేకుండా మైనస్ 120, 130 డిగ్రీల దగ్గర అంతా గాజులా ఘనీభవిస్తుంది. అక్కడి నుంచి మైనస్ 196కి, అంటే ద్రవ నత్రజనిలోకి తీసుకెళ్తారు. చిక్కేమిటంటే ఆ రసాయనాలు విషం. పెద్ద అవయవమైతే చల్లబడేటప్పుడు వేడిగాజు మీద నీళ్లు పోసినట్టు బీటలు వారుతుంది. తిరిగి వెచ్చబెట్టేటప్పుడు అన్ని మూలలూ ఒకేసారి వెచ్చబడకపోతే మళ్లీ మంచు పలుకులు పుడతాయి.

అయితే ఇదంతా బూటకం అని కొట్టిపారేయడం కూడా సరికాదు. మన పశువుల ఆసుపత్రుల్లో అల్యూమినియం డబ్బా చూశారు కదా, మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది. అందులో ఉన్నది ఆ ద్రవ నత్రజనే. పావు మిల్లీలీటరు పుల్లలో ఉన్న ఎద్దు బీజాన్ని గోరువెచ్చటి నీళ్లలో ముంచి తీస్తే, ఏళ్ల తరబడి నిద్రపోయిన కణాలు ఈదడం మొదలుపెడతాయి. మన గేదెల పాకల్లో అలా పుట్టిన దూడలు ఎన్నో. 1978లో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి, తరవాత తల్లి గర్భంలో పెట్టి దుర్గ అనే పాపకు ప్రాణం పోశారు. ప్రభుత్వం వేసిన సంఘం నమ్మలేదు. ఆయన 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. చాలా ఏళ్ల తరవాత గాని ఆయన పనికి గుర్తింపు రాలేదు. 2023లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల మూత్రపిండాలను అలా గాజులా ఘనీభవింపజేసి, 100 రోజుల దాకా దాచి, సన్నటి ఇనుప రేణువులతో లోపలి నుంచి వెచ్చబెట్టి, తిరిగి ఎలుకలకు అమర్చితే పనిచేశాయి. కణం అయింది, పిండం అయింది, చిన్న అవయవం అయింది. మనిషి కాలేదు. మెట్లు కనిపిస్తున్నాయి, మేడ ఎక్కడుందో కనిపించడం లేదు. నా అభిప్రాయం అడిగితే, ఈ రోజు దాస్తున్న శరీరాలు ఎప్పటికైనా లేస్తాయని నేను నమ్మను. అవయవాలను దాచే విద్య మాత్రం మన పిల్లల కాలానికి వచ్చి తీరుతుంది.

కానీ శాస్త్రం రుజువు కాలేదు కాబట్టే జనం రాలేదంటే నేను ఒప్పుకోను. రుజువులు అడిగి నమ్మే జాతా మనది? తాయెత్తుకు రుజువు అడిగామా? కాబట్టి కారణాలు వేరే ఉన్నాయి.

డబ్బా? ఆల్కార్‌లో పూర్తి శరీరానికి రెండు లక్షల డాలర్ల పైమాటే. తల ఒక్కటే దాచుకుంటే 80,000. క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో 28,000. అంటే సుమారు పాతిక లక్షల రూపాయల నుంచి కోటిన్నర పైదాకా. అక్కడ చాలామంది జీవిత బీమా మీద కట్టేస్తారు. చేపల చెరువుల రేట్లు తెలిసిన మీకు ఆ అంకె చూసి కళ్లు తిరగవు. డబ్బు ఉన్నవాళ్లు కూడా రాలేదన్నదే ఇక్కడ విషయం.

దూరమూ వేడీ అసలు అడ్డంకి అనుకోవచ్చు. గుండె ఆగిన నిమిషాల్లో మెదడు పాడవడం మొదలవుతుంది. ఆ పని చేసేవాళ్లు మంచం పక్కన మంచుగడ్డలతో, రక్తం నడిపే యంత్రంతో సిద్ధంగా ఉండాలి. మన దేశంలో అలాంటి ఏర్పాటు లేదు. అంతర్వేదిలో మే నెలలో ప్రాణం పోతే, కాగితాలన్నీ పూర్తయి విమానం ఎక్కేసరికి దాచడానికి ఏం మిగులుతుంది?

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. చనిపోయినవాళ్లను చలిలో పెట్టడం మనకు కొత్తేమీ కాదు. వీధిలో శవం ఉంటే ఇరుగుపొరుగు పొయ్యి వెలిగించని రోజుల్లో, పొద్దున పోతే సాయంత్రానికి గోదారి ఒడ్డుకు తీసుకెళ్లిపోయేవారు. ఇప్పుడు పిల్లలు డాలస్‌లో, సిడ్నీలో ఉన్నారు. మండల కేంద్రాల్లో ఫ్రీజర్ బాక్సులు అద్దెకు దొరుకుతున్నాయి. కొడుకు వచ్చేదాకా తండ్రి అద్దాల పెట్టెలో ఉంటాడు. శాస్త్రం ఒప్పుకోదని ఏ పురోహితుడూ అడ్డం పడలేదు. పడటానికి వీల్లేదు కూడా. రామాయణంలో దశరథుడు పోయినప్పుడు భరతుడు కేకయ దేశం నుంచి రావాలని రాజు శరీరాన్ని తైలద్రోణిలో ఉంచలేదా? దాచడం మనకు అభ్యంతరం కాదు. ఎవరి కోసం దాస్తున్నామో, ఎన్నాళ్లో తెలిస్తే చాలు. తైలద్రోణికి భరతుడు ఉన్నాడు. ఫ్రీజర్ బాక్సుకు శంషాబాద్‌లో దిగే విమానం ఉంది. క్రయోనిక్స్ పెట్టెకు రావలసినవాడు ఎవరు, ఎప్పుడొస్తాడు?

పంజాబులో నూర్‌మహల్ ఆశ్రమ గురువు ఒకరు 2014 జనవరిలో మరణించారని వైద్యులు చెబితే, శిష్యులు ఆయన సమాధి స్థితిలో ఉన్నారని శరీరాన్ని ఫ్రీజరులో ఉంచారు. అంత్యక్రియలు చేయమని అదే ఏడాది హైకోర్టు చెప్పింది. 2017లో డివిజన్ బెంచి ఆ తీర్పును పక్కనపెట్టి, ఉంచుకోనిచ్చింది. అది క్రయోనిక్స్ కాదు, విశ్వాసం. కానీ ఒకటి గమనించండి. అక్కడ ఎదురుచూసేవాళ్లు వేలమంది ఉన్నారు. అందుకే అది నిలబడింది.

ఈ ఎదురుచూసేవాళ్ల సంగతే నాకు ఇంజనీరుగా ఎక్కువ ఆసక్తి. ద్రవ నత్రజనికి కరెంటు అక్కర్లేదు. కానీ అది ఆవిరైపోతూ ఉంటుంది. పశువుల ఆసుపత్రిలో స్కేలు ముంచి బయటికి తీసి, ఎంతమేర తెల్లగా మంచు పట్టిందో చూసి, తగ్గితే పోయిస్తారు. ఆ స్కేలు ముంచే మనిషి వందేళ్లు, రెండు వందల ఏళ్లు రావాలి. వాడి జీతం ఎవరో ఇవ్వాలి. 1996 నవంబరు 6 తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. మా ఊరికి కరెంటు రావడానికి నెల దాటింది. ఐసు ప్లాంట్లలో ఐసు కాలవల్లో కలిసిపోయింది. చల్లదనం అనేది వస్తువు కాదు, ఎవరో ఒకరు రోజూ నిలబెట్టుకోవలసిన మాట. ఆ తుపాను నాకు నేర్పిన రిఫ్రిజిరేషన్ పాఠం అది.

ఆ మాట తప్పిన కథ క్రయోనిక్స్‌లోనే ఉంది. బెడ్‌ఫర్డ్‌ను గడ్డకట్టించిన కాలిఫోర్నియా సంఘానికి రాబర్ట్ నెల్సన్ అనే టీవీ రిపేరు చేసే ఆయన అధ్యక్షుడు. ఛాట్స్‌వర్త్ అనే చోట శ్మశానంలో నేలమాళిగ కట్టి మరికొందరిని దాచాడు. బంధువులు కొంతకాలం డబ్బులు పంపి మానేశారు. నత్రజని పోసేవాడు లేడు. 1970లు ముగిసేసరికి అక్కడున్న తొమ్మిది శరీరాలూ కరిగిపోయినట్టు బయటపడింది. కేసులు నడిచాయి. మరి బెడ్‌ఫర్డ్ ఎలా మిగిలాడు? ఆయన కుటుంబం ఆయన్ని అక్కడ ఉంచకుండా ఏళ్ల తరబడి తామే చూసుకుంది. యాభై ఏళ్ల పైచిలుకు ఆయన్ని నిలబెట్టింది మొదట నత్రజని కాదు, పెళ్లాం బిడ్డలు. శాస్త్రవేత్తలు కూడా ఆ రోజుల్లో దూరం జరిగారు. 1982లో క్రయోబయాలజీ శాస్త్రవేత్తల సంఘం, చనిపోయినవాళ్లను గడ్డకట్టించేవాళ్లకు తమలో సభ్యత్వం లేదని నియమావళిలో రాసుకుంది.

మనుషులు కట్టినవేవీ తరాల తరబడి నిలవవా అంటే, నిలుస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది గాని, కాటన్ దొర గీసిన కాలవల్లో ఈ సార్వాకు కూడా నీళ్లు పారాయి. ఏటా వేసవిలో కాలవలు కట్టేసి పూడికలు తీస్తున్నాం. ఎందుకు తీస్తున్నాం? దొర మీద ప్రేమ ఉంది, ఊరూరా విగ్రహం ఉంది. కానీ పూడిక తీసేది ప్రేమతో కాదు, నీళ్లు రాకపోతే చేను ఎండుతుంది కాబట్టి. కాకినాడ జగన్నాథపురంలో మల్లాడి సత్యలింగం నాయకర్ గారి ధర్మసంస్థ ఆయన పోయి వందేళ్లు దాటినా పిల్లలకు చదువు చెబుతోంది. ఏటా కొత్త పిల్లలు వస్తారు కాబట్టి దాన్ని అడిగేవాళ్లు ఉంటారు. అదే సత్రాల పేర రాసిన మాన్యాలు చూడండి. బాటసారులు బస్సెక్కడం మొదలుపెట్టాక ఆ సత్రాన్ని అడిగినవాడు లేడు. ఆ భూములు ఏమయ్యాయో ఈ సభలో నాకంటే మీకే బాగా తెలుసు. గడ్డకట్టిన మనిషి అలాంటి సత్రం. ఆయన వల్ల ఈ ఏడాది ఎవరికీ పంట పండదు, చదువు రాదు. ఆయన్ని తెలిసినవాళ్లు పోయాక, పూడిక ఎవరు తీస్తారు?

నేత్రదానం ఎందుకు పాకిందో పక్కన పెట్టి చూడండి. అదీ చావుతో ముడిపడ్డదే, అదీ చల్లటి పెట్టెతో పనే. కళ్లు ఆరు గంటల్లోపు తీయాలి. మొదట్లో మనవాళ్లు వచ్చే జన్మలో గుడ్డివాళ్లమై పుడతామని భయపడ్డారు. కానీ ఆ కళ్లు వారం తిరక్కుండానే ఎవరికో అమరుతాయి. మన మొగల్తూరు నుంచి వెళ్లిన చిరంజీవి గారు 1998లో నేత్రనిధి పెడితే అభిమాన సంఘాల కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగారు. అలాగే కాకినాడ మూలాలున్న సీతారాం ఏచూరి గారు 2024 సెప్టెంబరులో పోయినప్పుడు కుటుంబం ఆయన శరీరాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు చదువు కోసం ఇచ్చింది. ఇవ్వడం మనకు అర్థమవుతుంది. దాచుకోవడం అర్థం కాదు. ఇందులో మనవాళ్ల గొప్పతనం ఉందని నేననను. వైద్యశాలకు బతికుండగా వెళ్లని మనిషి పోయాక కళ్లిచ్చాడని పొగిడితే ఏం లాభం, అది వేరే ఉపన్యాసం.

ఇప్పుడు ఇంటి విషయం. మా పెద్దక్క కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. నలభై దాటాయి. పెళ్లి వద్దన్నాడు. మూడేళ్ల కిందట అక్కడ ఒక క్రయోనిక్స్ సంస్థలో చేరి, బీమా పాలసీ రాశాడు. ఆరోగ్యంగానే ఉన్నాడు. చేరాక, దగ్గరి బంధువులు అడ్డు చెప్పమని ఒక కాగితం రాసిస్తే మంచిదని సంస్థవాళ్లు అన్నారట. వాడు నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, నీకు ఈ సబ్జెక్టు తెలుసు కదా, అమ్మకు నువ్వే చెప్పాలి" అన్నాడు. ఈ కాగితం ఎందుకు అడుగుతారో చరిత్ర చూస్తే తెలుస్తుంది. 2016లో ఇంగ్లండులో పద్నాలుగేళ్ల పిల్ల క్యాన్సరుతో పోతూ తనను ఇలా దాచమని అడిగింది. తల్లి సరే అంది, తండ్రి కాదన్నాడు. చివరికి హైకోర్టు న్యాయమూర్తి తల్లి మాటకే విలువ ఇచ్చారు. చాలా చోట్ల ఈ పని ఆగిపోయేది ప్రయోగశాలలో కాదు, ఇంటి వసారాలో.

అక్క చదివింది ఈ బడిలోనే, ఎనిమిదో తరగతి దాకా. నేను చెప్పిందంతా శ్రద్ధగా వింది. నిమ్మతొన సంగతి వెంటనే అర్థమైంది. డబ్బు గురించి అడగలేదు, పాపం పుణ్యం అనలేదు. "ఒరేయ్ తమ్ముడూ, వాడికంటే ముందు నేను పోవాలి, అది సరే. ఒకవేళ ఉన్నాననుకో. నేను ఏడవాలా, ఎదురుచూడాలా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పమను" అంది.

నాకు జవాబు లేకపోయింది. మా పురోహితుణ్ణి అడిగాను. సముద్రంలో పోయి శరీరం దొరకనివాళ్లకు మోదుగాకులతో ప్రతికృతి చేసి సంస్కారం జరిపించే పద్ధతి ఉంది, తుపానుల తరవాత మన తీరంలో ఎన్నో ఇళ్లలో చేశారు. అలా చెయ్యవచ్చా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అది శరీరం దొరకనివాళ్లకండి. ఇక్కడ శరీరం ఉంది, ఎక్కడుందో తెలుసు, పైగా అతను తిరిగి వస్తానని చెప్పి వెళ్లాడు. ఏమని సంకల్పం చెప్పమంటారు?" అన్నారు. చట్టం కూడా ఏడేళ్లు కబురు లేనివాణ్ణి పోయినట్టు ఎంచుతుంది గాని, ఫలానా గదిలో ఫలానా తొట్టిలో ఉన్నవాడి గురించి మౌనంగానే ఉంది.

ఈ మాటంతా మేనల్లుడికి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అమ్మను ఏడవమను మావయ్యా. పది రోజులూ చెయ్యమను. నేను అక్కడ లెక్కకు రాను" అన్నాడు. మరి లేచాక నిన్ను "ఏరా" అని పిలిచేవాడు ఎవరుంటారురా అని అడిగాను. "ఇక్కడ ఇప్పుడు ఎవరున్నారు?" అన్నాడు. నాకు ఈ విషయంలో ఇంతవరకు తగిలిన అన్ని వాదాల్లో బలమైనది అదే. మనం ఇక్కడ కూర్చుని, బంధుబలగం లేని లోకంలో లేవడమెందుకని తేలిగ్గా అనేస్తాం. పదిహేనేళ్లుగా అలాంటి లోకంలోనే లేస్తున్న పిల్లలు మన ఇళ్ల నుంచే వెళ్లారు. వాళ్లకు అది అంత భయంగా కనిపించకపోవచ్చు.

అక్క రెండు నెలల తరవాత ఒక షరతు పెట్టింది. వాడు ఏడాదికి ఒకసారి కాదు, రెండుసార్లు రావాలి. వచ్చినప్పుడు పదిహేను రోజులు ఉండాలి. అలాగైతే సంతకం పెడతానంది. కిందటి సంక్రాంతికి వచ్చాడు, పదకొండు రోజులు ఉన్నాడు. నాలుగు రోజులు తక్కువయ్యాయని అక్క కాగితం బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. దసరాకు వస్తానన్నాడు.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, పనసపొట్టు కూర చల్లారిపోతోందట. మా సైన్సు మాస్టారు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, ఆయన ప్రశ్న మాత్రం ఇక్కడే వింటాను.